అప్‌డేట్: రిజిస్ట్రీ మార్పులు దొరికాయి, లైసెన్స్ సంగతీ తేలింది

అడిగింది ఇది: ఒక ప్రింటర్ సాఫ్ట్‌వేర్ వేస్తే విండోస్ రిజిస్ట్రీలో (విండోస్, ప్రోగ్రామ్‌ల సెట్టింగులు దాచే చోటు) ఏమేం మారుతున్నాయో ఎలా పట్టుకోవాలి? ఆ టూల్ ఆఫీసులో ఉచితంగా వాడొచ్చా?

రిజిస్ట్రీని రెండుసార్లు నమోదు చేసి తేడాలు చూపే రెగ్‌షాట్ అనే టూల్‌తో పనైంది. ఇన్‌స్టాల్‌కు ముందు ఫస్ట్ షాట్, అయ్యాక సెకండ్ షాట్, ఆపైన కంపేర్. మొదట 32 బిట్ రెగ్‌షాట్ నడపడమే పొరపాటు. 64 బిట్ విండోస్‌లో అది రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటి "సాఫ్ట్‌వేర్" కీని అడిగితే విండోస్ దాన్ని 32 బిట్ ప్రోగ్రామ్‌లకు వేరుగా ఉంచిన వావ్6432నోడ్‌కి మళ్లిస్తుంది, అసలు మార్పులు కనబడవు. 64 బిట్‌ది నడిపాక "వాల్యూస్ యాడెడ్" కింద రన్ కీలో (లాగిన్ కాగానే వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌ల జాబితా) కొత్త వరుస బయటపడింది. రెండు షాట్ల మధ్య బ్రౌజర్ కూడా తెరవకండి, రిపోర్టు నిండా చెత్త చేరుతుంది.

ఆ వరుస ఏ ప్రోగ్రామ్ రాసిందో రెగ్‌షాట్ చెప్పదు. దానికి ఏ ప్రోగ్రామ్ ఏం చేస్తోందో అప్పటికప్పుడు చూపే మైక్రోసాఫ్ట్ టూల్ ప్రాసెస్ మానిటర్ కావాలి: ఫిల్టర్‌లో ఆపరేషన్‌ను రెగ్‌సెట్‌వాల్యూ (రిజిస్ట్రీలో విలువ రాయడం) అని పెట్టి, "డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్" టిక్ చేయండి. లేదంటే దాచిన ఈవెంట్లు కూడా మెమరీలో పేరుకుపోతాయి.

ఇక లైసెన్స్ సంగతి: రెగ్‌షాట్‌ది ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, ఆఫీసులో నిశ్చింతగా వాడొచ్చు. ప్రాసెస్ మానిటర్‌నూ సొంత కంప్యూటర్లు ఎన్నింటిలోనైనా ఉచితంగా నడపొచ్చు. మీ ఇన్‌స్టాలర్‌లో కలిపి కస్టమర్లకు ఇవ్వడానికి మాత్రం మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. డౌన్‌లోడ్ లింకే ఇవ్వాలి.