గ్లిక్లజైడ్ కాపాడుతోందా, డీఎంఎస్‌ఓ కాపాడుతోందా?

తరమణి_ల్యాబ్:
నమస్తే అండి. ఎర్ర రక్తకణాల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, షుగర్ మందులు వాటిని ఎంత కాపాడతాయో చూస్తున్నాను. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబు రక్తం, 5 శాతం సస్పెన్షన్, మందులు 10 మైక్రోమోలార్. మెట్‌ఫార్మిన్‌తో తేడా లేదు. గ్లిక్లజైడ్‌తో ఉంది, కానీ మందును కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 1 శాతం ఒక్కటే వేసినా ఇంచుమించు అంతే వస్తోంది. అసలు ఏ మందూ లేని ట్యూబులోనే కణాలు సరిగ్గా పగలడం లేదు. తప్పెక్కడ?

గిండీ_బయోకెం:
డీఎంఎస్‌ఓనే మీకు మందైపోయిందండి. పెరాక్సైడ్ నుంచి పుట్టి కణాలను దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను అది పట్టేస్తుంది, ఇథనాల్ కూడా అంతే. 1 శాతమంటే దాదాపు 140 మిల్లీమోలార్, మీ మందుకు పద్నాలుగు వేల రెట్లు! గ్లిక్లజైడ్ బలహీన ఆమ్లం కాబట్టి కాస్త సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, బఫర్‌లో పలచన చేసి పీహెచ్ 7.4కి తెచ్చుకోండి. ద్రావణం మసకబారిందంటే మందు కరగకుండా విడిపోయినట్టే. మందు లేని కంట్రోల్ ట్యూబుకూ అదే క్షారం పడాలి. పక్కన గ్లిబెన్‌క్లమైడ్ కూడా పెట్టండి. అదీ గ్లిక్లజైడ్ లాగే సల్ఫొనైల్‌యూరియా తరగతి షుగర్ మందే, కానీ రాడికల్స్‌ను పట్టే అజాబైసైక్లో వలయం గ్లిక్లజైడ్‌కే ఉంది.

పెరంబూర్_హెమటాలజీ:
కణాలు పగలకపోవడానికి కారణం వేరు. ఎర్రకణం నిండా కెటలేజ్ అనే ఎంజైమే, మీరు వేసిన పెరాక్సైడ్‌ను చూస్తుండగానే నీళ్లు చేసేస్తుంది. ముందుగా 1 మిల్లీమోలార్ సోడియం అజైడ్ వేసి దాన్ని ఆపండి. జాగ్రత్త, అజైడ్‌కు ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. ఎండీఏ (కొవ్వులు దెబ్బతిన్నాయని చూపే పదార్థం) కొలవడానికి టీసీఏ అనే ఆమ్లం కలిపేముందు కణాలు కడగాలి, ఆ పని ఫ్యూమ్‌హుడ్‌లోనే. సింకులో మాత్రం పోయకండి.

ఈడీటీఏ ఇనుమును పట్టుకుని, ఇనుము వల్ల పెరాక్సైడ్ నుంచి ఆ రాడికల్ పుట్టే ఫెంటన్ చర్యనే మార్చేస్తుంది, హెపారిన్ ట్యూబు వాడండి. సెంట్రిఫ్యూజ్‌లో 1500 జీ దగ్గర 10 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, పైనుండే తెల్లకణాల పొర పూర్తిగా తీసేయండి. బఫర్‌లో 5 మిల్లీమోలార్ గ్లూకోజు లేకపోతే ఎన్‌ఏడీపీహెచ్ తయారవదు, అది లేక కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ తిరిగి కోలుకోదు. మన ఎండలకు శాంపిల్ ఐసు పెట్టెలోనే రావాలి, కానీ ట్యూబుకు గుడ్డ చుట్టండి. రక్తం మంచుగడ్డ అయ్యేంత చల్లబడితే దారిలోనే కణాలు పగులుతాయి.

కణాలు పగిలి బయటికొచ్చిన హిమోగ్లోబిన్‌ను 540 నానోమీటర్ల దగ్గర నేరుగా చదువుతున్నారా? ఆక్సీకరణ చెంది మెట్‌హిమోగ్లోబిన్‌గా మారినది అక్కడ తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్‌ను అంతా ఒకే రూపానికి మార్చే డ్రాబ్‌కిన్ ద్రావణం కలిపి చదవండి. అందులో సయనైడ్ ఉంటుంది, దానికీ ఆమ్లం తగలకూడదు.

గిండీ_బయోకెం:
మెట్‌ఫార్మిన్ మాట మిగిలింది. 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 1.3 మైక్రోగ్రాములు, మందు వేసుకునేవాళ్ల రక్తంలో ఉండే స్థాయే. మిల్లీమోలార్లకు పెంచి ఫలితం రాబట్టకండి. అది పెరాక్సైడ్‌ను నేరుగా పట్టదు, అది పనిచేసే ముఖ్యమైన చోటు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా, ఆ భాగం ఎర్రకణంలో లేనే లేదు. తేడా లేకపోవడమే మీ ఫలితం, అలాగే రాయండి. రక్తమిచ్చేవారికి జీ6పీడీ (ఎన్‌ఏడీపీహెచ్ తయారీకి కావలసిన ఎంజైమ్) పరీక్ష తప్పనిసరి. ఆ లోపం ఉన్నవారిలో సల్ఫొనైల్‌యూరియాలే కణాలను పగలగొట్టవచ్చు.