1974 నాటి యెజ్డీ 250 కొనవచ్చా? రోజువారీ వాడకానికి నిలుస్తుందా?

తెనాలి మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. చీరాల దగ్గర ఒక పల్లెలో 1974లో రిజిస్టరైన యెజ్డీ 250 మోటారుసైకిల్ అమ్మకానికి ఉందని తెలిసి వెళ్లి చూసి వచ్చాను. బండి కొన్న పెద్దాయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆయన పెద్ద కుమారుడు అమ్ముతున్నారు, ఆర్‌సీ పుస్తకం మాత్రం ఇంకా తండ్రి పేరు మీదే ఉంది. ఎడమవైపున్న గేర్ లివర్‌నే లోపలికి నొక్కి, పైకి తిప్పి, కిక్ కొట్టి నా ఎదుటే స్టార్ట్ చేశారు. రెండు సైలెన్సర్ల నుంచీ దట్టంగా తెల్లటి పొగ వచ్చింది, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా అది తగ్గలేదు. టూ స్ట్రోక్ బండికి, అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే బండికి, పొగ మామూలేనని ఆయన అన్నారు. ట్యాంకుకు కొత్తగా రంగు వేయించారు గానీ, మూత తీసి టార్చి వేసి చూస్తే అడుగున తుప్పు కనబడింది.

మా బడి ఇంటికి పన్నెండు కిలోమీటర్ల దూరం. ఇంట్లో స్కూటర్ ఉంది, అయినా వారంలో కొన్ని రోజులు దీని మీద వెళ్లాలని కోరిక. కాగితాల వ్యవహారం ఎలా తేల్చుకోవాలి, ఆ పొగను ఎంతవరకు పట్టించుకోవాలి, 6 వోల్టుల వైరింగును 12 వోల్టులకు మార్పించడం మంచిదేనా అన్నవి నా సందేహాలు. బండిలో మీకు నచ్చనివి కూడా మొహమాటం లేకుండా చెప్పగలరు.

నెల్లూరు పాతబండి

మాస్టారూ, పొగ సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఆ పుస్తకం సంగతి చూడండి. ఇంజన్ ఎంత పాడైనా డబ్బుతో బాగవుతుంది. యజమాని లేని ఆర్‌సీ అలా కాదు. చనిపోయినవారి పేరు మీద ఉన్న బండిని మీ పేరుకు నేరుగా మార్చరు. ముందుగా వారసులలో ఒకరు ఫారం 31 పెట్టి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తక్కిన వారసుల అంగీకారం జతచేసి బండిని తమ పేరుకు మార్పించుకోవాలి. ఆ తరువాతే బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టగలరు. పెద్దకొడుకు ఒక్కరే మాట్లాడుతున్నారు కాబట్టి, తోబుట్టువులు ఎందరో, వారికి ఈ అమ్మకం ఇష్టమేనో కాదో మర్యాదగా అడిగి తెలుసుకోండి. నాన్న బండి అనే మమకారం అమ్మకం దగ్గరికి వచ్చేసరికే బయటపడుతుంది.

ఆర్‌సీ గడువు కూడా చూడండి. పదిహేనేళ్లు దాటిన సొంత వాహనానికి ఫారం 25తో రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఒక్కసారి పొడిగిస్తే అయిదేళ్లు నడుస్తుంది. దానికోసం బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు నిలబెట్టాల్సిందే. పాత మూడక్షరాల నంబర్ల వివరాలు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు కనుక, అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ నంబరు ఆన్‌లైన్‌లో కనబడుతుందో లేదో సరిచూసుకోండి.

యాభై ఏళ్లు దాటిన బండి కనుక వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. 2021లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు, పాత నంబరును ఉంచుకునే వీలూ ఉంది. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. బడికి వెళ్లాలనుకునే మీకు అది తగదు, మామూలు పొడిగింపే మేలు.

మరొక్క మాట. ఈసారి వెళ్లినప్పుడు ఛాసిస్ నంబరు మీద పెట్రోలు గుడ్డతో రుద్ది, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో ముద్ర తీసుకోండి. అంకెల మధ్య ఎడం సమానంగా లేకపోయినా, చుట్టూ ఆకురాయి గీతలు కనబడినా నంబరు దిద్దారని అనుమానించి, ఆ బండి జోలికి పోవద్దు.

ఆటోనగర్ శిష్యుడు

టూ స్ట్రోక్‌కు పొగ మామూలేనన్నది సగం నిజం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కొంతసేపు నీలి ఛాయతో పొగ రావడం సహజం. వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తోందంటే నేను ముందు అనుమానించేది క్లచ్ వైపు క్రాంక్ సీలునే, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు (క్రాంక్) చివర ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయాన్నే. ఈ ఇంజన్‌లో క్లచ్చుకూ గేర్‌బాక్సుకూ ఆయిల్ ఒకటే. ఆ సీలు అరిగితే ఇంజన్ గేర్ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుని కాలుస్తుంది. గేర్ ఆయిల్ మట్టం చూసి, కొన్ని కిలోమీటర్లు నడిపి, మళ్లీ చూడండి. తగ్గినట్లు తేలితే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

రెండో వైపు, అంటే బ్యాటరీని ఛార్జి చేసే డైనమో వైపు సీలు పోతే పొగ రాదు, అందుకే అది మరింత ప్రమాదం. అక్కడినుంచి గాలి లోపలికి చొరబడి పెట్రోలు మిశ్రమం పలుచబడుతుంది, ఐడిలింగ్ నిలకడగా ఉండదు, చివరికి ఎక్కడో ఎండలో పిస్టన్ వేడికి బిగుసుకుని పట్టేస్తుంది. సీళ్ల పనికి పూనుకున్నప్పుడే క్రాంక్ బయటికి తీయించి బేరింగులూ, కనెక్టింగ్ రాడ్డూ చూపించండి. రాడ్డు పక్కకు కొద్దిగా కదలడం సహజమే గానీ, పైకీ కిందికీ ఏమాత్రం ఆడకూడదు. ఈ పనికి నాలుగు రకాల బండ్లు చేసే షెడ్డు చాలదు, క్రాంక్‌ను ప్రెస్సు మీద విడదీసి మళ్లీ సూటిగా బిగించగల లేత్ మేస్త్రీ కావాలి.

విడిభాగాల విషయంలో కొంచెం జాగ్రత్త. జావా, యెజ్డీ బండ్లను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో మొదలై 1996లో మూతపడింది. కనుక ఇవాళ కంపెనీ సరుకని చెప్పి అమ్మేది దాచిపెట్టిన పాత సరుకైనా అయి ఉండాలి, నకిలీ అయినా అయి ఉండాలి. పిస్టన్ లాంటి ఇనుప, అల్యూమినియం భాగాలు పాత స్టాకువి దొరికితే అదృష్టమే. రబ్బరు సీళ్లు మాత్రం ప్యాకెట్టు విప్పకపోయినా ముప్ఫై ఏళ్లలో గట్టిపడిపోతాయి, వాటిని కొత్తగా తయారైనవే కొనండి. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ వచ్చినవి 334 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు, వాటి భాగాలు దీనికి పనికిరావు.

ట్యాంకులో తుప్పును తేలికగా తీసుకోకండి. శుభ్రం చేయించకుండా నడిపితే ఆ పొడి కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలో చేరి, పదేపదే బండి ఆగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. గొట్టాలూ, ట్యాపు వాషర్లూ మార్పించి, బండిని కొన్నాళ్లు వాడనప్పుడు ట్యాపు మూసి కార్బురేటర్‌లోని పెట్రోలు ఖాళీ చేయండి.

ఓరుగల్లు జావా

పై ఇద్దరి మాటలూ సరైనవే గానీ, చదివితే ఎవరికైనా భయం వేస్తుంది. అదే కర్మాగారంలో యెజ్డీకి ముందు తయారైన నా జావాను వానాకాలం తప్ప ఆఫీసుకు వాడుతూనే ఉన్నాను. ఒకసారి సరిగా కట్టిన ఇంజన్ పన్నెండు కిలోమీటర్లకు అలసిపోదు. అలవాటు మార్చుకోవలసింది మనమే. లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపాలి, బంకులో దొరుకుతుందని నమ్మకుండా సీసా వెంట ఉంచుకోవాలి, ఆయిల్ ముందు పోసి పెట్రోలు తరువాత పోయించుకోవాలి. బ్రేకులు ఈనాటి బండ్లలాంటివి కావు, ముందున్న ఆటోకు ఎప్పటికన్నా ఎక్కువ ఎడం ఇవ్వండి. ఘాట్ దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఎక్కువ దూరం రాకండి. పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా ఆగిపోతుంది కనుక, మధ్యమధ్య క్లచ్ పట్టి కొద్దిగా రేజ్ చేస్తూ ఉండాలి.

ఈ బండిలోని ఒక సుగుణం ఎవరూ చెప్పలేదు. గేర్ లివర్ నొక్కగానే క్లచ్ దానంతటదే విడుతుంది. దారిలో క్లచ్ కేబుల్ తెగినా గేర్లు మార్చుకుంటూ ఇల్లు చేరవచ్చు. ఈ ఏర్పాటు సరిగా పనిచేస్తోందో లేదో కొనేముందే నడిపి చూడండి.

పొల్యూషన్ పరీక్ష అంటే కూడా కంగారు అక్కరలేదు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం (పది లక్షల భాగాలలో 9000) వరకు అనుమతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ దీనికి లోబడే ఉంటుంది, మీరు చెప్పిన పొగతో మాత్రం కష్టం.

తెనాలి మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. వారసులలో ఒక చెల్లెలు హైదరాబాద్‌లో ఉన్నారని ఫోన్‌లో తెలిసింది. ఫారం 31 పూర్తయ్యేవరకు అడ్వాన్స్ ఇవ్వనని చెప్పాను, ఆయన కాదనలేదు. సీళ్లు, క్రాంక్ పని ఖర్చును ధరలోంచి తగ్గించమని అడుగుతాను. 12 వోల్టుల సంగతి ఇంకా తేలలేదు.

ఆటోనగర్ శిష్యుడు

తొందరపడి మార్పించకండి. 6 వోల్టుల మీద వచ్చే ఫిర్యాదులలో చాలావరకు తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్ల (వైర్లు బండి బాడీకి కలిసే చోట్ల) వల్ల, చచ్చిన బ్యాటరీ వల్ల వచ్చేవే. ఈ బండిలో ఇగ్నిషన్ బ్యాటరీ మీదే ఆధారపడుతుంది. కొత్త బ్యాటరీ పెట్టి, ఎర్త్‌లన్నీ గీకి బిగించి, డైనమో బ్రష్‌లు చూపించండి. కొంచెం రేజ్ చేయగానే ఛార్జింగ్ ఎర్ర దీపం ఆరిపోతే డైనమో బాగున్నట్లే. పగటిపూట బడికి వెళ్లి రావడానికి అది చాలు. రాత్రివేళ హైవే ఎక్కక తప్పదనుకుంటేనే 12 వోల్టుల కిట్టు వేయించండి, అప్పుడు కూడా విప్పిన డైనమో, రెగ్యులేటర్, పాత కాయిల్ షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. రేపు మీరు అమ్మదలచినా, వింటేజ్ నమోదుకు వెళ్లదలచినా ముందుగా అడిగేది వాటినే.