‘ద బాస్ బేబీ’కి విమర్శకులు అన్యాయం చేశారా?

నీలిగాలిపటం: 2017లో వచ్చిన యానిమేషన్ సినిమా ‘ద బాస్ బేబీ’ ప్రపంచమంతా కలిపి 52 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. థియేటర్లో చూసినవాళ్లు, ప్రేక్షకుల్నే అడిగి గ్రేడ్ వేసే సినిమాస్కోర్ సర్వేలో ‘ఏ మైనస్’ ఇచ్చారు. విమర్శకుల రివ్యూలు లెక్కగట్టే రొటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో మాత్రం సగానికి కాస్త పైన ఆగిపోయింది. పిల్లల సినిమాకి పిల్లలు నవ్వితే చాలదా? ఈ విమర్శకులు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

కీఫ్రేమ్: ఆ సగం అంటే నూటికి యాభై మార్కులు కాదండీ. రాసినవాళ్లలో ఎంతమంది బాగుందన్నారో చెప్పే లెక్క అది. అందరూ ‘పర్వాలేదు’ అన్న సినిమాకి కూడా నూరు శాతం రావచ్చు. ముందు ఇది తేలాలి. ఇక సినిమా సంగతి. ఇంట్లోకి పసివాడు రావడంతో కలవరపడే అన్న టిమ్ ఊహల్లోకి వెళ్లే సన్నివేశాలు చాలా బాగుంటాయి, పాతకాలపు కార్టూన్ల తీరులో రంగులు చదునుగా పరిచి వేశారు. ఆ తర్వాత పసిపిల్లల కంపెనీ, కుక్కపిల్లల కుట్ర, రాకెట్టు, ఛేజింగులు. కథకి ఊపిరి తీసుకునే సందే లేదు.

చివరిబెంచీ: ఆస్కార్ నామినేషన్ వచ్చింది కదా, ఇంకేం కావాలి?

కీఫ్రేమ్: వచ్చింది. విమర్శకులు మెచ్చిన ‘ద లెగో బ్యాట్‌మ్యాన్ మూవీ’కి రాలేదు. యానిమేషన్ నామినేషన్ల ఓటింగ్‌ని ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ సభ్యులందరికీ, అంటే యానిమేషన్‌తో పనిలేనివాళ్లకీ, తెరిచింది ఆ అవార్డుల నుంచే. నూనెరంగుల్లో చేత్తో వేసిన ‘లవింగ్ విన్సెంట్’ పక్కన దీన్ని ఎలా కూర్చోబెట్టారు?

నీలిగాలిపటం: మళ్లీ అవార్డులేనా? నేనడిగింది అది కాదు. చెల్లి పుట్టాక మా పెద్దాడు చాలాకాలం ముభావంగా ఉండిపోయాడు. ఇద్దరికీ సరిపడా ప్రేమ లేదేమోనని టిమ్ భయపడే చోట నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ‘నేనంటే ఇంకా ఇష్టమేనా’ అని ఆ రాత్రే అడిగాడు. ఇది ఏ రివ్యూలో రాశారు?

పాతరీలు: ఆ ఆలోచన బాగుంది. దాన్ని మధ్యలో వదిలేశారన్నదే గొడవ.

నీలిగాలిపటం: మీరిద్దరూ పిల్లలతో కూర్చుని చూశారా అసలు?

కీఫ్రేమ్: పిల్లలు లేనివాళ్లు మాట్లాడకూడదా? నేను యానిమేషన్ పనిలో ఉన్నాను. ఒక సీను తేలిపోతోందని చెప్పిన ప్రతిసారీ పైనుంచి వచ్చే జవాబు ఒకటే: ‘చూసేది పిల్లలే కదా, వాళ్లకేం తెలుస్తుంది!’ మీ ప్రశ్నలో నాకు అదే వినపడుతోంది.

నీలిగాలిపటం: నేను చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు! వాడికి తెలిసింది కాబట్టే నన్ను అడిగాడు. మీకే వాడి తీర్పు తీర్పులా కనిపించట్లేదు.

కీఫ్రేమ్: ఎందుకు కనిపించదు? వాడు చెయ్యి పట్టుకున్నది ఒక్క సన్నివేశానికి. మిగతా గంటన్నర కూడా అంత నిజాయితీగా తీయాల్సింది అంటే, అది వాడి తరఫున మాట్లాడటం కాదా?

నీలిగాలిపటం: ఆ గంటన్నరంతా వాడు పడీ పడీ నవ్వాడు. ఆ డైపర్ జోకులు లేకపోతే ఆ సీను దాకా కూర్చునేవాడే కాదు.

కీఫ్రేమ్: జోకులు వద్దనలేదు. ఆ ఏడాది అవార్డు గెలిచిన ‘కోకో’లోనూ నవ్వులున్నాయి, అల్లరి కుక్క ఉంది. ఒక్క నవ్వు కూడా కథకి అడ్డం పడదు.

నీలిగాలిపటం: ‘కోకో’ పెడితే మావాడు సగంలో లేచి వెళ్లిపోయాడు. ఆ తీర్పు కూడా ఒప్పుకుంటారా మరి?