గ్రాన్యూల్స్ ముద్దుగానే ఉన్నాయి, ఫాస్ఫరస్ మాత్రం పోవడం లేదు

నాలుగు లీటర్ల ఎస్‌బీఆర్‌లో (విడతలుగా నింపి, ఖాళీ చేసే శుద్ధి ట్యాంకులో) ఏరోబిక్ గ్రాన్యూల్స్ (మురుగునీటిని శుద్ధి చేసే బ్యాక్టీరియా గుళికలు) నడుపుతున్నాను. 4 గంటల సైకిల్: 60 నిమిషాలు గాలి లేకుండా ఫీడ్, 170 నిమిషాలు గాలి, మిగతాది సెట్లింగ్, డీకాంట్ (పైనీరు తీసేయడం). ఫీడ్‌లో లీటరుకు అసిటేట్ సీఓడీ (సేంద్రియ పదార్థపు కొలత) 400 మి.గ్రా., అమ్మోనియా నత్రజని 50, ఫాస్ఫరస్ 10. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. తగ్గించే వీలు లేదు.

మూడు వారాలుగా బయటికి వచ్చే నీటిలో ఫాస్ఫరస్ 6 దగ్గరే ఆగింది. అమ్మోనియా 1 లోపే, నైట్రేట్ నత్రజని 18. విచిత్రమేమిటంటే, అసిటేట్ అంతా ఫీడ్ దశలోనే అయిపోతోంది. అప్పుడు ఫాస్ఫరస్ తొలగించే బ్యాక్టీరియా విడుదల చేసే ఫాస్ఫేట్ (గాలి దశలో అవి అంతకంటే ఎక్కువ తిరిగి పీల్చుకోవాలి) మాత్రం 40 నుంచి 12కు పడింది. అసిటేట్ తిన్నా ఫాస్ఫరస్ తొలగించని, గ్లైకోజెన్ కూడబెట్టే బ్యాక్టీరియా పైచేయి సాధించిందని నా అనుమానం.

కరిగిన ఆక్సిజన్‌ను 4 నుంచి 2కు దించాను, పీహెచ్‌ను 7.2 నుంచి 7.8కి పెంచాను, పైపొర బురద తీసేశాను. ఫలితం లేదు.

సగం అసిటేట్ బదులు ప్రొపియోనేట్ ఇచ్చి, ఇలాంటి స్థితి నుంచి ఫాస్ఫరస్ తొలగింపును ఎవరైనా తిరిగి రాబట్టారా?