ఈసీఆర్ పాస్‌పోర్టుతో కువైట్: రెండు దేశాల ఒప్పందాన్ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా బావమరిది పది పాసవలేదు, తిరుపతిలో తీసిన పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్‌కు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం. పుంగనూరులో ఒకాయన కువైట్లో ఇంటి డ్రైవరు పని ఉందని లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చంట. ఏమన్నా అయితే ఇండియా, కువైట్ ఒప్పందం ఉందిలే, ఎంబసీ చూసుకుంటుందంటున్నాడు. నిజమేనా?

జవాబు 1: ఒప్పందం నిజమే అన్నా. ఇంటిపనివాళ్ల గురించి 2021లో కుదిరింది. కానీ అది పట్టించుకునేది ఈమైగ్రేట్‌లో (విదేశాలకు పనికి పోయేవాళ్లను నమోదు చేసే మన ప్రభుత్వ సైటు) ఎక్కిన కాంట్రాక్టునే. విజిట్ వీసాతో పోయినోడు రెండు ప్రభుత్వాల లెక్కలోనూ పనివాడు కాదు. జీతం ఎగ్గొడితే ఎంబసీ వాళ్లు చూపించడానికి కాగితమే ఉండదు.

ఆ పెద్దమనిషిని విదేశాలకు పనివాళ్లను పంపే లైసెన్సు నంబరు అడిగి, ఈమైగ్రేట్ సైట్లో కొట్టి చూడండి. "లైసెన్సు చెన్నైలో మావోళ్లది, నేను వాళ్ల మనిషిని" అన్నాడా, సబ్ ఏజెంటే. చట్టంలో వాళ్లకు చోటు లేదు. లైసెన్సు ఉన్నోడైనా తీసుకోవాల్సింది 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, రసీదుతో.

జవాబు 2: ప్రవాసీ భారతీయ బీమా యోజన మర్చిపోవద్దు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. పది లక్షలు వచ్చేది ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా. గుండెపోటుకు రాదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

కువైట్ 2015 చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు, పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర పెట్టుకోకూడదు. చిక్కంతా ఎక్కడంటే, ఇబ్బంది తట్టుకోలేక బయటికొస్తే కఫీల్ "పారిపోయాడ"ని కేసు పెడతాడు, అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది. అందుకే ఫిర్యాదు ముందు, గడప దాటడం తర్వాత.

జవాబు 3: పంపే దేశాలన్నీ ఒక్కమాట మీద ఉంటే ఇంత అవస్థ ఉండదు. దానికోసం 2003 నుంచి పనివాళ్లను పంపే ఆసియా దేశాల వేదిక కొలంబో ప్రాసెస్, 2008 నుంచి గల్ఫ్ దేశాలను కూడా కలుపుకుని అబుదాబి డైలాగ్ నడుస్తున్నాయి. ఏదీ ఎవరినీ కట్టడి చేయదు. మనం జీతం పెంచమంటే గల్ఫ్ వాళ్లు ఇంకో దేశం మనుషుల్ని తెచ్చుకుంటారు. ఆ భయంతోనే 2020లో మన ప్రభుత్వమే గల్ఫ్ కనీస జీతాలు 30 నుంచి 50 శాతం తగ్గించింది, గొడవయ్యాక 2021లో వెనక్కి తీసుకుంది.

ప్రశ్న: పోయాక ఖాదిం (ఇంటిపని) వీసాను కంపెనీ వీసాగా మార్చుకోవచ్చంటాడే?

జవాబు 1: ఆర్టికల్ 20 (ఇంటిపని వీసా) నుంచి 18కి (కంపెనీ వీసా) మారడానికి 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు వదిలారు, అదీ షరతులతో. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో పుంగనూరులో కూర్చున్నాయనకేం తెలుసు? ఆ మాట నమ్మి డబ్బు కట్టొద్దు.