ధ్రువ మంచులో పాతిపెట్టిన పారిశ్రామిక వ్యర్థాలు: తవ్వి తేవాలా, అక్కడే ఉంచాలా?

శ్రీకర్_ఎడ్మంటన్

ప్రశ్న సూటిగానే అడుగుతాను. ఆర్కిటిక్‌లోనూ అంటార్కిటికాలోనూ గత 70 ఏళ్లలో గనుల వాళ్లు, చమురు కంపెనీలు, సైన్యాలు, చివరికి సైంటిస్టులు కూడా తమ చెత్తను అక్కడే పాతేసి వచ్చారు. అంతా గడ్డకట్టి ఉంటుంది, ఎక్కడికీ పోదన్నది అప్పటి లెక్క. 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం ఆర్కిటిక్‌లో పర్మాఫ్రాస్ట్ (ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల) మీద ప్రమాదకర పదార్థాలున్న పారిశ్రామిక స్థలాలు సుమారు 4,500. ఇప్పటికే కలుషితమైన చోట్లు 13,000 నుంచి 20,000 దాకా ఉండొచ్చట. ఆ నేల ఇప్పుడు కరగడం మొదలుపెట్టింది.

ఇప్పుడేం చేయాలి? తవ్వి బయటికి తెచ్చి శుద్ధి చేయాలా, కదపకుండా అక్కడే కట్టుదిట్టం చేయాలా? మట్టి, నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నా మొగ్గు తవ్వడం వైపే. ఎదురు వాదన వినాలని ఉంది. మర్యాదగా కొట్టుకుందాం.

వేణు_నెల్లూరు

శ్రీకర్ గారూ, నాది ఎదుటి పక్షం. పాతినవాడిదే తప్పు కాబట్టి తవ్వాల్సిందే అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ తవ్వితే జరిగే నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వాళ్ల కేసీ స్టేషన్ పక్కన థాలా వ్యాలీ అని చిన్న లోయ ఉంది. ఏళ్ల తరబడి స్టేషన్ చెత్తంతా అందులోనే పోశారు. 1990ల మధ్యలో శుభ్రం చేద్దామని దిగారు. వేసవిలో కరిగిన మంచునీళ్లు కదిపిన చెత్తలోంచి పారి సీసం, రాగి, జింకు, నూనె అన్నీ కింద ఉన్న బ్రౌన్ బే లోకి దించాయి. పని ఆపేశారు. ముట్టుకోకుండా ఉంటే ఆ ఏడాది అంత విషం సముద్రంలోకి పోయేది కాదు.

ఇంకొకటి, గ్రీన్‌ల్యాండ్‌లోని క్యాంప్ సెంచరీ. అమెరికా సైన్యం 1959లో మంచు కింద సొరంగాలు తవ్వి కట్టడం మొదలుపెట్టిన స్థావరం. అక్కడ చిన్న అణు రియాక్టర్ కూడా నడిపారు. రియాక్టర్‌ను 1964లో తీసుకెళ్లారు, మిగతాది 1967లో వదిలేశారు. దాదాపు 2 లక్షల లీటర్ల డీజిల్, పీసీబీలు (పాత కరెంటు పరికరాల్లో వాడిన విష రసాయనాలు), కొంత రేడియోధార్మిక నీరు అక్కడే ఉండిపోయాయి. ఈ శతాబ్దం చివరికల్లా అక్కడ మంచు కురిసేదాని కన్నా కరిగేది ఎక్కువ కావచ్చని 2016లో ఒక అధ్యయనం చెబితే ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. తర్వాత అక్కడే పరికరాలు పెట్టి కొలిచి 2021లో చెప్పింది వేరు: 2100 వరకు కరిగిన నీరు ఆ చెత్త దాకా దిగదు, అది ఇంకా లోతుకే పోతుంది. అంత లోతున ఉన్నదాన్ని తవ్వడానికి ఎన్ని యంత్రాలు, ఎంత డీజిల్ మళ్లీ ఆ మంచు మీదికి మోయాలి?

అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం 1991లో రాసుకున్న మాడ్రిడ్ ఒప్పందంలో కూడా ఈ మాటే ఉంది. పాత చెత్తను తెచ్చినవాళ్లే తీసేయాలి, కానీ వదిలేయడం కన్నా తీయడం వల్లే ఎక్కువ హాని అయితే తీయక్కర్లేదు అని.

లక్ష్మీప్రసన్న

వేణు గారు థాలా వ్యాలీ కథను ఇంటర్వెల్ దగ్గరే ఆపేశారు. 2003-04 వేసవిలో వాళ్లు మళ్లీ దిగారండీ. ఈసారి పైనుంచి వచ్చే నీటిని ముందే పక్కకు మళ్లించారు, చెత్తలోంచి కారే నీటిని పట్టి శుద్ధి చేశారు, తవ్విందాన్ని కంటెయినర్లలో పెట్టి ఓడలో ఆస్ట్రేలియాకు పంపారు. మొదటిసారి దెబ్బతిన్నది నీటి సంగతి చూసుకోకుండా తవ్వడం వల్ల. దాన్ని చూపించి అసలు తవ్వకూడదంటే ఎలా?

ఆ మినహాయింపు గురించి కూడా ఒక మాట. హాని ఎక్కువా తక్కువా అని తేల్చేది ఎవరు? ఖర్చు పెట్టాల్సిన దేశమే. వదిలేయడమే మేలని వాళ్లకు ఎంత సులువుగా అనిపిస్తుందో వేరే చెప్పాలా!

వేణు_నెల్లూరు

మేడమ్, మొదటి ప్రయత్నానికీ రెండోదానికీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో, ఎంత పరిశోధన నడిచిందో కూడా చూడండి. నేను అడిగేదీ అదే. తెలిసేదాకా ఆగండి.

ఆర్కే_1978

మీరంతా పాత చెత్త గురించే మాట్లాడుతున్నారు. నేను తిరగేసి అడుగుతా. అంటార్కిటికాలో కిలోమీటర్ల మందం మంచు, మనుషుల్లేరు, పంటల్లేవు. ప్రపంచంలోని అణు వ్యర్థాలన్నీ అక్కడ దించేస్తే పీడా విరగడైపోతుంది కదా? ఊళ్ల పక్కన పెట్టుకుని టెన్షన్ పడటం దేనికి?

శ్రీకర్_ఎడ్మంటన్

ఆర్కే గారూ, ఈ ఆలోచన మీకంటే ముందే వచ్చింది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ ఫిల్బర్త్ 1950లలోనే ప్రతిపాదించాడు. వ్యర్థాల డబ్బా తన వేడికి తానే మంచును కరిగించుకుంటూ కిందికి దిగుతుంది, పైన మళ్లీ గడ్డకడుతుంది అని. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ ఆ మంచు ఒకచోట నిలబడదు, మెల్లగా సముద్రం వైపు జరుగుతూనే ఉంటుంది. దాని అడుగున చాలాచోట్ల నీళ్లున్నాయి, పెద్ద పెద్ద సరస్సులే ఉన్నాయి. డబ్బా చేరేది అక్కడికే.

చట్టం సంగతికొస్తే 1959 అంటార్కిటిక్ ఒప్పందం 5వ అధికరణమే అణు వ్యర్థాలు పారబోయడాన్ని నిషేధించింది. మనదేశం 2022లో చేసిన అంటార్కిటిక్ చట్టంలోనైతే దీనికి 20 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు, 50 కోట్లకు తగ్గని జరిమానా. కాబట్టి ఆ తలుపు మూసేసినట్టే.

ఆర్కే_1978

రష్యా వాళ్లు చేశారు కదా మరి.

శ్రీకర్_ఎడ్మంటన్

చేశారు. సోవియట్ కాలంలో కారా సముద్రంలో, నోవాయా జెమ్ల్యా తీరం వెంట వేల కంటెయినర్ల రేడియోధార్మిక వ్యర్థాలు ముంచారు. 1982లో కే-27 అనే జలాంతర్గామిని ఇంధనం ఉన్న రియాక్టర్లతో సహా ముంచేశారు, అదీ 30 మీటర్ల చిల్లర లోతులో. అదిప్పటికీ అక్కడే ఉంది. దాన్ని పైకి ఎలా తీయాలా అని ఏళ్లుగా తల పట్టుకుంటున్నారు. మీ వాదనకు ఇది పనికొచ్చే ఉదాహరణ కాదు సర్.

గోపాల్_కాల్గరీ

ఇక్కడ అందరూ సైన్యాలు, అణు వ్యర్థాలు అంటున్నారు. టాపిక్ పారిశ్రామిక వ్యర్థాలు కాబట్టి చమురు డ్రిల్లింగ్ వైపు నుంచి చెబుతాను. ఆ ఫీల్డ్‌లోనే చాలాకాలం ఉన్నాను.

కెనడా ఉత్తరాన మెకెంజీ నది డెల్టాలో 1960ల నుంచి 80ల దాకా చమురు, గ్యాస్ కోసం బావులు తవ్వారు. బావి తవ్వేటప్పుడు డ్రిల్ చల్లబడటానికి, రాతి పొడి పైకి రావడానికి ఒక బురదను లోపలికి పంపుతారు. ఆ చలిలో బురద గడ్డకట్టకుండా అందులో పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పు, కలిపేవారు. పని అయ్యాక ఈ బురదంతా ఏం చేయాలి? పక్కనే గడ్డకట్టిన నేలలో పెద్ద గొయ్యి తీసి, అందులో పోసి, చలికి గట్టిపడనిచ్చి, పైన మట్టి కప్పేసేవారు. దీన్నే సంప్ అంటారు. ఆ డెల్టా ప్రాంతంలోనే ఇలాంటివి 200కు పైగా ఉన్నాయి. అప్పటి అనుమతుల ప్రకారం ఇది పద్ధతైన పనే, ఎవరూ దొంగచాటుగా చేసింది కాదు.

ఇప్పుడు అసలు విషయం. కప్పిన మట్టి చుట్టూ ఉన్న టండ్రా నేల కంటే వదులుగా ఉంటుంది కాబట్టి దాని మీద విల్లో పొదలు ఏపుగా పెరిగాయి. పచ్చగా ఉంది, ప్రకృతి మళ్లీ కోలుకుందని ఫొటో చూసినవాళ్లు మురిసిపోతారు. చలికాలంలో గాలికి కొట్టుకొచ్చే మంచును ఆ పొదలు పట్టి ఆపుతాయి. మంచు మేట వేస్తుంది. మందంగా పేరుకున్న మంచు నేలకు దుప్పటి లాంటిది, పైనున్న గట్టి చలిని లోపలికి దిగనివ్వదు. దాంతో గొయ్యి చలికాలంలో గడ్డకట్టాల్సినంత గడ్డకట్టదు. వేసవికి కప్పు కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు ఇంకా కరిగిస్తాయి. పైగా లోపల ఉన్నది ఉప్పు బురద, మామూలు నీరు గడ్డకట్టే చలికి అది గడ్డకట్టదు. కొన్నిచోట్ల పక్కనున్న చెరువుల్లో ఉప్పు పెరిగిందని పరిశోధకులు తేల్చారు.

అంటే వాతావరణం వేడెక్కకపోయినా సగం సంప్‌లకు ఈ గతి పట్టేదని నా అభిప్రాయం. కప్పేసి వెళ్లిపోయారు, పొదలు కొట్టడానికి కూడా ఎవరూ తిరిగి రాలేదు. వేణు గారూ, "అక్కడే ఉంచడం" అంటే మీ ఉద్దేశం ఇదేనా?

వేణు_నెల్లూరు

కాదండీ. కాపలా లేకుండా ఉంచమని నేనెప్పుడన్నాను? పొదలు కొట్టించండి, మంచు ఊడ్పించండి, పైన ఇంకో పొర మట్టి వేయించండి. 200 గోతులు తవ్వి ఉప్పు బురదను వందల కిలోమీటర్లు లారీల్లో మోయడం కన్నా అది నయం కాదా? చాలాచోట్లకు చలికాలంలో మంచు మీద వేసే దారులు తప్ప రోడ్డే లేదు.

సుజాత_ఎం

తవ్వాలనే వాళ్లను నేను ఒకటి అడగాలి. తవ్వి ఎక్కడికి తెస్తారు? మన భోపాల్ చూశారుగా. యూనియన్ కార్బైడ్ ఆవరణలో 40 ఏళ్లు పడున్న 337 టన్నుల విషాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కు లారీల్లో తరలిస్తే అక్కడి జనం రోడ్డెక్కారు. మా ఊరికెందుకు తెచ్చారు అని. కోర్టుల చుట్టూ తిరిగి చివరికి కాల్చారు. 337 టన్నులకే అంత రభస. ఆర్కిటిక్ నుంచి వేల టన్నులు దక్షిణానికి తెస్తే దాన్ని తీసుకునే పీథంపూర్ ఏది?

లక్ష్మీప్రసన్న

మంచి ప్రశ్న సుజాత గారూ. దీనికి ఒకే జవాబు లేదు, పదార్థాన్ని బట్టి మారుతుంది. పీసీబీలను బాగా ఎక్కువ వేడిలో కాల్చి నాశనం చేయొచ్చు. డీజిల్ కలిసిన మట్టిని సూక్ష్మజీవులతో అక్కడికక్కడే బాగు చేయొచ్చు, చలిలో ఆలస్యమైనా సరే. కెనడా తన ఉత్తర తీరంలోని 21 పాత రాడార్ కేంద్రాలను శుభ్రం చేసినప్పుడు పీసీబీ ఎక్కువున్న మట్టిని దక్షిణానికి పంపింది, మిగతాదాన్ని అక్కడే పద్ధతిగా కట్టిన గోతుల్లో పెట్టింది. 2014కు పూర్తయింది, 50 కోట్ల డాలర్లు దాటింది.

కానీ ఆర్సెనిక్ మూలకం. కాల్చినా, కరిగించినా ఆర్సెనిక్ ఆర్సెనిక్‌గానే ఉంటుంది. అందుకే కెనడా ఉత్తరాన ఎల్లోనైఫ్ పట్టణం దగ్గరి జెయింట్ మైన్ గురించి చెప్పాలి. అక్కడ 1948 నుంచి బంగారం తీశారు. ఆ ఖనిజాన్ని వేయిస్తే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పొగ వస్తుంది. మొదట్లో దాన్ని అలాగే గాలిలోకి వదిలారు. అది మంచు మీద పడింది, ఆ మంచునే కరిగించుకుని తాగేవాళ్లు అక్కడి ఎల్లోనైవ్స్ డెనే ప్రజలు. 1951లో ఒక పసివాడు చనిపోయాడు. తర్వాత ఆ ధూళిని పట్టి భూమి లోపల గదుల్లో నింపడం మొదలుపెట్టారు. పర్మాఫ్రాస్ట్ దాన్ని పట్టి ఉంచుతుందని ధీమా. 1999 నాటికి పోగుపడింది 2,37,000 టన్నులు. అది నీళ్లలో కరిగే విషం. ఈలోగా గనిని తవ్వీ తవ్వీ ఆ నేలే కరిగింది.

ఇప్పుడు ఏం చేస్తున్నారంటే గదుల చుట్టూ నేలలోకి పొడవైన గొట్టాలు దించి, వాటిలో ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ నింపి మూసేస్తారు. కింద నేల వేడికి అది ఆవిరై పైకొస్తుంది, పైన చలిగాలికి మళ్లీ ద్రవమై గొట్టం గోడ వెంట జారుతుంది, జారుతూ నేల వేడిని పీల్చుకుంటుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు, పైన గాలి నేల కంటే చల్లగా ఉంటే చాలు. అలా నేలను మళ్లీ గడ్డకట్టించి ధూళిని బంధిస్తారు.

రవితేజ_బి

చిన్న సవరణ. ఎల్లోనైఫ్ ఆర్కిటిక్ వృత్తానికి నాలుగు డిగ్రీలు కింద ఉంది. ధ్రువ ప్రాంతం అనలేం.

గోపాల్_కాల్గరీ

రవితేజ బ్రదర్, జనవరిలో ఒకసారి వెళ్లి చూడండి :) మ్యాప్ మీద గీత సంగతి అలా ఉంచితే, పర్మాఫ్రాస్ట్ మీద నమ్మకం పెట్టుకుని పాతడమే కదా చర్చ. అందులో ఇది పెద్దన్న.

వేణు_నెల్లూరు

లక్ష్మీప్రసన్న గారు నా వాదనే చెప్పారు, థాంక్స్. అంత ప్రమాదకరమైనదాన్ని కూడా తవ్వకుండా అక్కడే గడ్డకట్టించాలని నిపుణులే తేల్చారు కదా. ధూళిని పైకి తీస్తే ముందు పోయేది తీసే కార్మికుల ప్రాణాలే.

లక్ష్మీప్రసన్న

పూర్తిగా మీ వాదన కాదండీ. ఆ ధూళిని శాశ్వతంగా పనికిరాకుండా చేసే పద్ధతి ఏదైనా దొరుకుతుందా అని పరిశోధన చేస్తూనే ఉండాలని షరతు పెట్టి మరీ ఒప్పుకున్నారు. గడ్డకట్టించడం వాళ్లకు కూడా ప్రస్తుతానికే. పైగా గనిలో ఊరే నీటిని ఎప్పటికీ తోడి శుద్ధి చేస్తూనే ఉండాలి. మొత్తం అంచనా 438 కోట్ల కెనడా డాలర్లు.

శ్రీకర్_ఎడ్మంటన్

నాకు అభ్యంతరం ఉన్నది సరిగ్గా ఇక్కడే. వేణు గారు మొదట్నుంచీ "అక్కడే ఉంచడం" చవక అన్నట్టు మాట్లాడుతున్నారు. కాపలా పెట్టి ఉంచితే అది తరతరాలు కట్టే అద్దె. కాపలా లేకుండా ఉంచితే గోపాల్ గారు చెప్పిన సంప్. 2020 మే 29న రష్యాలో నొరిల్స్క్ దగ్గర ట్యాంకు కూలి సుమారు 21,000 టన్నుల డీజిల్ కారిపోయినప్పుడు కంపెనీ కరిగిన నేల మీదికి నెట్టింది, కానీ తనిఖీ సంస్థ పునాదుల్లో లోపాలను ఎత్తి చూపింది. నేల కరుగుతోందని అందరికీ తెలుసు, ట్యాంకు కింద పునాది స్తంభాలు చూసినవాడే లేడు. మరి 50 ఏళ్ల తర్వాత మెకెంజీ డెల్టాలో పొదలు ఎవరు కొడతారు?

నా ప్రతిపాదన ఇది. నీరు తగిలే అవకాశమున్న ప్రతి చోటా తవ్వాలి. తవ్వలేమంటే, చూసుకునే ఖర్చు మొత్తం ముందే డిపాజిట్ చేయించుకోవాలి. క్యాంప్ సెంచరీ లాంటిది అడుగున పడి ఉంటే ఉండనివ్వండి, కొలుస్తూ ఉండండి చాలు.

వేణు_నెల్లూరు

డిపాజిట్ మాట కొత్త గనులకు సరిపోతుంది, ఒప్పుకుంటా. పాతవాటికి ఎవరి దగ్గర వసూలు చేస్తారు? జెయింట్ మైన్ యజమాని కంపెనీ 1999లోనే దివాలా తీసింది, భారమంతా ప్రభుత్వం నెత్తిన పడింది. తవ్వినా ఆ డబ్బే, తవ్వకపోయినా ఆ డబ్బే. అలాంటప్పుడు తక్కువ ప్రమాదం ఉన్నదే ఎంచుకుంటా.

గోపాల్_కాల్గరీ

సంప్‌ల విషయంలో కొన్ని కంపెనీలు ఇంకా బతికే ఉన్నాయి సర్, చేతులు మారి పెద్దవయ్యాయి కూడా. అడగాల్సింది ముందు వాళ్లనే.