100 సీసీ బండి మీద డిసెంబర్‌లో లంబసింగి: రాత్రంతా నడపాలా, మధ్యలో పడుకోవాలా?

కిక్కురాడ్డు:
హైదరాబాద్ నుంచి లంబసింగి వెళ్దామనుకుంటున్నాం, నేనూ మా తమ్ముడూ. బండి నాన్న వాడి ఇచ్చిన 2014 స్ప్లెండర్. కార్బ్యురేటర్ మోడల్, కిక్కూ సెల్ఫూ రెండూ పనిచేస్తాయి. ఒకవైపే దాదాపు 600 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఎల్బీనగర్‌లో బయలుదేరి, రాత్రంతా మార్చి మార్చి నడిపి, తెల్లారేసరికి ఘాట్ ఎక్కి పొగమంచు చూడాలని ప్లాన్. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆఫీసులో పెద్ద బండ్లున్న వాళ్లు "దాని మీదా?" అని నవ్వుతున్నారు. బండి చాలదా, మా ప్లానే బాలేదా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చలిమంట:
రాత్రే వెళ్లండి బ్రో. నేను మూడు చలికాలాలుగా 110 సీసీ బండి మీద రాత్రిళ్లే తిరుగుతున్నాను. అరకు రెండుసార్లు వెళ్లాను, శ్రీశైలానికైతే లెక్కే లేదు. పగలు హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాటేసరికే ప్రాణం పోతుంది. రాత్రి రోడ్డు ఖాళీ, ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఒకరోజు సెలవు మిగులుతుంది. లోపల స్వెట్టర్, పైన రెయిన్‌కోటు, అంతే. ఊరికే టెన్షన్ పెట్టుకోకండి.

గోదారిగట్టు:
చలిమంట గారూ, రాత్రి శ్రీశైలం ఎలా వెళ్లారండీ? మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికే వేసేస్తారు కదా.

చలిమంట:
తొమ్మిదిలోపు దాటేవాణ్ణి. అది పాయింటు కాదు.

గోదారిగట్టు:
సరే, పాయింటుకే వద్దాం. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, ఎనిమిది హార్స్‌పవర్ బండి. రోడ్డు మీద 55లో వెళ్లినా టీకి, పెట్రోలుకి, నడుం వాల్చడానికి ఆగుతారు. సగటు 40 వస్తే గొప్ప. 600ని 40తో భాగిస్తే 15 గంటలు. సాయంత్రం ఆరింటికి బయలుదేరితే చేరేది మర్నాడు ఉదయం తొమ్మిదికి. అంటే సూర్యోదయం కోసం రాత్రంతా మేలుకుని ఆ సూర్యోదయాన్నే పోగొట్టుకుంటారు!

రెండోది, అదే లెక్కన తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య మీరెక్కడుంటారో చూడండి. ఏలూరు దాటి గోదావరి వైపు వస్తుంటారు. మనిషికి నిద్ర బాగా ముంచుకొచ్చేది ఆ వేళలోనే. డిసెంబర్‌లో మా వైపు కాలవల మీద, వరిచేల మీద మంచు దిగేదీ అప్పుడే. కొన్నిచోట్ల కోత అయిపోయి గడ్డి తగలబెడతారు, ఆ పొగ మంచులో కలిస్తే ముందున్న లారీ వెనక లైటు కూడా కనపడదు. లైటు లేకుండా పక్కన ఆపేసిన లారీ సంగతి వేరే చెప్పాలా.

ఇంకోటి. సర్వీసు రోడ్ల మీద, ఊళ్ల దగ్గర ధాన్యం ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతుని ఏమనలేం, ఆయనకు కళ్లం లేదు. కానీ నల్ల పట్టా, నల్ల రోడ్డు, 35 వాట్ల హెడ్‌లైటు. ఆ రాయి మీకు అయిదు గజాల దూరంలో కనపడుతుంది.

చలిమంట:
హైవే మీద వెళ్లేవాళ్లకి ధాన్యం కుప్పల భయం ఎందుకండీ? మంచు వస్తే ఒక లారీ వెనక పడి దాని వేగంలోనే వెళ్లాలి. అందరూ చేసేది అదే. హెడ్‌లైటు చాలకపోతే ఎల్ఈడీ బల్బు వేయించుకోండి, తక్కువలో అయిపోతుంది.

మెకానిక్ బాబాయ్:
ముప్పై ఏళ్లుగా ఈ బండ్లే విప్పుతున్నాను కాబట్టి బండి సంగతి నేను చెబుతా. మీ ఆఫీసు వాళ్ల నవ్వు పట్టించుకోకు తమ్ముడూ. సరిగా చూసుకుంటే ఈ ఇంజిన్‌కి 600 కిలోమీటర్లు లెక్కలోది కాదు, చలి అసలే లెక్కలోది కాదు. చలికి పల్చటి ఆయిల్ పోయాలని ఎవరైనా చెబితే వినకు. కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-30 మైనస్ ఇరవైల చలిలో కూడా పనిచేస్తుంది, లంబసింగి దానికి ఎండాకాలంతో సమానం. చివరిసారి ఆయిల్ మార్చాక వెయ్యి కిలోమీటర్లు దాటితే మళ్లీ మార్చు, చాలు.

ఉదయం స్టార్ట్ కాకపోతే చోక్ లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రెండు కిక్కులు కొట్టు. అందుకుని ఒక నిమిషం ఆడాక చోక్ మూసెయ్. మూయడం మర్చిపోయి "బండి గుంజట్లేదు, పొగొస్తోంది" అని ఫోన్ చేసేవాళ్లు చలికాలంలో వారానికొకరు ఉంటారు నాకు. పైన వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి పదోవంతు పలచబడుతుంది, బండి బలం కూడా ఆ మేర తగ్గుతుంది. ఇద్దరితో ఘాట్‌లో రెండో గేరు పడుతుంది. దానికి కార్బ్యురేటర్ తిప్పించొద్దు, కిందకొస్తే మళ్లీ తిప్పాలి.

బ్రేక్ షూలు మాత్రం చూపించు. ముందూ వెనకా డ్రమ్ములే కదా. దిగేటప్పుడు బ్రేకు నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు పోతుంది. ఎక్కిన గేర్లోనే దిగు, ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారడం లాంటి పొదుపు వద్దు. ఒక క్లచ్ కేబుల్, ప్లగ్గు, ముందొక ట్యూబు వెనకొక ట్యూబు, వెనక చక్రం నట్టుకి పట్టే పానా తీసుకెళ్లండి. టైర్లలో గాలి బయలుదేరే ముందు, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. చలికి ఒకటి రెండు పాయింట్లు పడిపోతుంది, వెనక మనిషి ఉంటే ఎంత పెట్టాలో మాన్యువల్‌లో వేరేగా ఉంటుంది.

ఎల్ఈడీ సంగతి: ఈ మోడల్లో హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్ తిరిగే కొద్దీ వస్తుంది. ఘాట్‌లో రెండో గేర్లో నెమ్మదిగా వెళ్తుంటే లైటు కూడా నెమ్మదిస్తుంది. సరిపడని ఎల్ఈడీ వేస్తే మిణుకుమిణుకుమంటుంది. పైగా తెల్ల వెలుతురు మంచుకి తగిలి నీ కళ్లలోకే తిరిగొస్తుంది. మంచులో డిమ్ వేసుకుని వెళ్లు, హై బీమ్ వద్దు.

కిక్కురాడ్డు:
బాబాయ్, స్క్రీన్‌షాట్ తీసి నాన్నకు పంపించాను. "చోక్ గురించి నేను చెబితే విన్నావా" అన్నారు.

చింతపల్లి టీచర్:
మాది లంబసింగి పక్కనే. రోజూ స్కూటీ మీద బడికి వెళ్తాను, చలికాలమైనా సరే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని పెద్దవాళ్లు అర్థం చెబుతారు. అన్ని రోజులూ అంత చలి ఉండదు గానీ, ఒక్కో ఏడాది 5 డిగ్రీల లోపుకి వెళ్తుంది. అయిదు డిగ్రీల్లో 60 వేగంతో బండి మీద వెళ్తే ఒంటికి తగిలే చలి సున్నా కంటే కిందే. అందరూ ఒంటికి జాకెట్ వేసుకుంటారు, చేతుల సంగతి మర్చిపోతారు. ముందు పోయేవి వేళ్లే. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఎంత నొక్కుతున్నారో మీకే తెలియదు. పైగా తెల్లవారుజామున మంచు పడి రోడ్డు తడిగా ఉంటుంది. వెచ్చదనం కోసం ఆవులు తారు మీద పడుకుని ఉంటాయి.

నేను ఉన్ని గ్లవ్స్ మీద గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ పెద్ద సైజువి వేసుకుంటాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఛాతీ మీద స్వెట్టర్ లోపల రెండు మడతల న్యూస్‌పేపర్ పెడితే గాలి దూరదు. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టొద్దు, అసలు సైజు హెల్మెట్ పట్టదు, పట్టించినా సరిగా కూర్చోదు. తలనీ మెడనీ కప్పే పల్చటి ముసుగు, బాలాక్లావా అంటారు, అది కొనుక్కోండి. వైజర్ లోపలివైపు గిన్నెల సబ్బు నీళ్లు ఒక చుక్క రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఊపిరికి మసకబారదు.

ఇక తెల్లారేలోపు చేరాలన్న ఆరాటం ఎందుకో నాకు అర్థం కాదు. ఇక్కడ మంచు తొమ్మిది దాకా ఉంటుంది, కొన్ని రోజులు పది దాకా. డిసెంబర్ శని, ఆదివారాల్లో నాలుగింటికే కార్లు బారులు తీరతాయి, పొగమంచు కంటే పొగే ఎక్కువ. ముందురోజు మధ్యాహ్నం వెలుతురులో ఎక్కి, రాత్రి ఇక్కడే ఉండి, ఉదయం ఆరింటికి తలుపు తీసుకుని బయటకు వస్తే చాలు. తాజంగి రిజర్వాయర్ ఆరేడు కిలోమీటర్లు, అక్కడికీ వెళ్లండి. తాగిన సీసాలు, ప్లేట్లు మాత్రం వెనక్కి పట్టుకెళ్లండి. సోమవారం మా పిల్లలు ఏరుతున్నారు.

సరదారాజు:
ఇంత సైన్సు ఎందుకు మేడమ్? జేబులో ఒక క్వార్టర్ బ్రాందీ ఉంటే చలీ గిలీ ఏమీ ఉండదు.

మెకానిక్ బాబాయ్:
నీ బండి ఎప్పుడూ నా షెడ్డులోనే ఎందుకుంటుందో ఇప్పుడర్థమైంది.

గోదారిగట్టు:
సరదాకే అన్నా, దీన్ని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. మందు తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి ఒంట్లో వేడి బయటకు పోతుంది. అల్లం టీ తాగండి. నిద్ర విషయంలో టీని కూడా నమ్మొద్దు, అది అరగంట ఆపుతుందంతే.

చలిమంట:
అందరూ కలిసి కుర్రాళ్లని బస్సెక్కించేలా ఉన్నారు. రెండు పగళ్లు వెళ్లడానికి, రెండు పగళ్లు రావడానికి. నాలుగు రోజులు సెలవు ఎవరిస్తారండీ? ఉద్యోగం చేసేవాడికి రాత్రి తప్ప దారి లేదు.

ప్లాట్‌ఫామ్ టికెట్:
ఈ మాట నిజమే. అందుకే బండిని రైల్లో పార్సిల్ చేయమంటాను. ఆర్సీ కాపీ, ట్యాంకు ఖాళీ చేసిన బండి, గోనెపట్టా ప్యాకింగ్. విశాఖలో దించుకుంటే అక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా ఒక్క పూట ప్రయాణం. తునిలో దించుకుంటే దగ్గర అంటారు గానీ, కాసేపు ఆగే రైల్లోంచి బండి దించడం జరిగే పని కాదు, పెద్ద స్టేషనే పెట్టుకోండి. ఒకసారి నా బండి నాకంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ రిస్కు మాత్రం ఉంది.

కిక్కురాడ్డు:
రైల్లో అయితే ఇంటి నుంచి స్ప్లెండర్ మీద వెళ్లామని చెప్పుకోలేం కదా అన్నా. అసలు సరదా అదే.

గోదారిగట్టు గారి భాగహారం చూశాక తమ్ముడు నా ముఖం చూశాడు. ప్లాన్ మార్చాం. శనివారం తెల్లారాక ఏడింటికి బయలుదేరి, ఒంటిగంటకి విజయవాడ, చీకటి పడే వేళకి రాజమండ్రి. అక్కడ పెద్దమ్మ ఉంది, పడక ఖర్చు లేదు. ఆదివారం అన్నవరం, తుని, నర్సీపట్నం మీదుగా మధ్యాహ్నానికి పైకి. అందరూ దిగిపోయే టైముకి మేం ఎక్కుతాం. సోమవారం మంచు చూసి దిగి, రాత్రికి మళ్లీ పెద్దమ్మ ఇల్లు, మంగళవారం హైదరాబాద్. రెండు రోజులు సెలవు పెట్టాను. కారణం చెబితే మేనేజర్ "స్ప్లెండర్ మీదా?" అన్నాడు.

చలిమంట:
రాజమండ్రిలో చీకటి పడుతుంది అంటున్నారు, డిసెంబర్‌లో అయిదున్నర దాటితే చీకటే. ఒక్క పంక్చర్ పడినా మీరు చేసేది నా నైట్ రైడే. చూసుకోండి.

గోదారిగట్టు:
ఈసారి చలిమంట గారితో ఏకీభవిస్తాను. మీ మొదటి రోజు ప్లాన్‌లో గంట కూడా వెసులుబాటు లేదు. ఏలూరు దాటేసరికి నాలుగైపోతే అక్కడే ఆగిపోండి, పెద్దమ్మకి ఫోన్ చేస్తే సరిపోతుంది. అన్నవరంలో ప్రసాదం ఆకులో కట్టిస్తారు, బ్యాగు పైన పెట్టుకోండి, కింద పెడితే ట్యూబుల వాసన పడుతుంది.

మెకానిక్ బాబాయ్:
నర్సీపట్నంలో ట్యాంకు నింపుకునే ఎక్కండి. ఆ పానా సైజు చూసుకున్నావా, లేదా?

కిక్కురాడ్డు:
చూశాను బాబాయ్. నాన్న టూల్ కిట్‌లో ఉన్నది వేరే బండిది.